మూగ సినిమాకు గొంతిచ్చి, తెనాలిలో ఆగిపోయిన నవ్వు

మీ వాట్సాప్ ఓపెన్ చేసి ఏదైనా ఫ్రెండ్స్ గ్రూప్‌లోకి వెళ్ళండి. కాస్త పైకి స్క్రోల్ చేస్తే చాలు, బ్రహ్మానందం కనిపిస్తారు. కళ్ళు తిప్పుతూనో, తల పట్టుకునో, ఏమీ అర్థంకానట్టు మన వైపు చూస్తూనో ఉంటారు. సౌండ్ ఉండదు, డైలాగ్ ఉండదు. రెండు సెకన్ల ముఖం, అంతే. అయినా నవ్వొస్తుంది. మనం చెప్పాలనుకున్నది అవతలివాడికి చేరిపోతుంది.

వందేళ్ళ కిందట సినిమా అంటేనే ఇది. మాటల్లేవు. ముఖం, చేతులు, కాళ్ళు, ఒక పరుగు, ఒక పడిపోవడం. చాప్లిన్, బస్టర్ కీటన్ ప్రపంచాన్ని నవ్వించింది వీటితోనే. వాళ్ళ గురించి మనకి రీల్స్‌లో అయినా తెలుసు. కానీ ఆ మూకీల కాలంలోంచే బయటికొచ్చి, తెలుగులో మొట్టమొదటి స్టార్ కమెడియన్ అయిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు కస్తూరి శివరావు. ఆయన కథ కాకినాడ వైపు మొదలై, మద్రాసులో వెలిగి, మన తెనాలిలో ముగిసింది.

మాది రేపల్లె. ఇంజినీరింగ్ బాపట్లలో. రేపల్లె నుంచి తెనాలి ప్యాసింజర్ ఎక్కి, భట్టిప్రోలు, వేమూరు దాటి, తెనాలిలో బండి మారి బాపట్ల వెళ్ళిన రోజులు లెక్కలేనన్ని. ఆ మూడు ఊళ్ళ ఫ్రెండ్స్‌ని ఈమధ్య ఒక ప్రశ్న అడిగాను: ‘తెనాలికీ సినిమాకీ ఉన్న సంబంధం చెప్పండ్రా’ అని. సూపర్‌స్టార్ కృష్ణ, శారద, జగ్గయ్య, చక్రపాణి అని గబగబా చెప్పేశారు. బాపట్లవాడు ఒకడు, ఆడవేషాలతో స్టేజీని ఏలిన స్థానం నరసింహారావు గారిది మా ఊరేనని గర్వంగా మెసేజ్ పెట్టాడు. కస్తూరి శివరావు పేరు ఒక్కరూ చెప్పలేదు. ‘ఎవరాయన?’ అని మాత్రం ముగ్గురు అడిగారు. ఈ వ్యాసం ఆ ముగ్గురి కోసం.

తెర పక్కన నిలబడ్డ మనిషి

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. మూకీ సినిమా అంటే హాల్లో నిశ్శబ్దం అనుకుంటాం. అస్సలు కాదు. హార్మోనియం, తబలా ఉండేవి. తెర మీద మధ్యమధ్యలో అక్షరాల కార్డులు వచ్చేవి. కానీ ఆ కార్డులు చదవగలిగినవాళ్ళు హాల్లో ఎంతమంది? అందుకే తెర పక్కన ఒక మనిషిని నిలబెట్టేవాళ్ళు. ఆయనే వ్యాఖ్యాత. కథ చెప్పేది ఆయనే. రాజు మాట ఆయనదే, రాణి ఏడుపు ఆయనదే, విలన్ కేక ఆయనదే. బొమ్మ ఎక్కడో బొంబాయిలోనో, అమెరికాలోనో తీసిందైనా, మాట మాత్రం ఇక్కడి యాసలో, ఇక్కడి జోకులతో పడేది.

కస్తూరి శివరావు సినిమా జీవితం ఆ తెర పక్కనే మొదలైంది. 1913లో పుట్టారు. కుర్రతనంలో మూకీలకు వ్యాఖ్యానం చెప్పారు. ప్రొజెక్టర్ ఆపరేటర్‌గానూ పనిచేశారు.

ఒక్కసారి ఆ ఉద్యోగాన్ని ఊహించండి. ఒకే సినిమాని రోజూ చూస్తుంటారు. ప్రతి ఆటకీ ఎదురుగా కొత్త జనం. ఏ ముఖం దగ్గర నవ్వుతున్నారు, ఏ క్షణంలో నవ్వు ఆగిపోతోంది, ఎక్కడ మాట పడితే పేలుతుంది, ఎక్కడ నోరు మూసుకుంటే పేలుతుంది, ఇవన్నీ కళ్ళముందే తెలిసిపోతాయి. మా భాషలో చెప్పాలంటే రోజూ లైవ్ యూజర్ టెస్టింగ్. యాక్టింగ్ స్కూల్ అనే మాటే లేని రోజుల్లో శివరావుకి దొరికిన ట్రైనింగ్ అది.

ఇది మన దగ్గరే కాదు. జపాన్‌లో ఇలా తెర పక్కన కథ చెప్పేవాళ్ళని ‘బెన్షీ’ అనేవాళ్ళు. హీరోల కంటే వాళ్ళ పేరు చూసే టికెట్లు తెగేవి. దర్శకుడు అకిరా కురోసావా అన్నయ్య హెయిగో కూడా ఒక బెన్షీయే. టాకీలు రాగానే వాళ్ళందరి పని పోయింది. ఉద్యోగాల కోసం సమ్మెలు చేశారు. హెయిగో 1933లో ప్రాణం తీసుకున్నాడు.

మన దగ్గర 1932 ఫిబ్రవరిలో హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. తెర తనే తెలుగు మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక పక్కన మనిషి ఎందుకు? ఒక కొత్త టెక్నాలజీ వచ్చి మొత్తం ఒక వృత్తినే తుడిచేయడం అంటే ఏంటో, లేఆఫ్‌ల వార్తలతో నిద్రలేచే మా ఐటీ తరానికి కొత్తగా చెప్పక్కర్లేదు.

శివరావు ఏం చేశారంటే, తెర పక్క నుంచి తెర మీదికి వెళ్ళారు. 1939లో సి. పుల్లయ్య తీసిన ‘వరవిక్రయం’తో నటుడయ్యారు. భానుమతి గారికి కూడా అదే మొదటి సినిమా. తర్వాత చిన్నాచితకా వేషాలు వేసుకుంటూ వచ్చారు. 1948లో వచ్చిన ‘బాలరాజు’ ఆయన దశ తిప్పింది. ఘంటసాల బలరామయ్య దర్శకుడు, అక్కినేని హీరో. అందులో యలమందగా శివరావు వేసిన వేషం జనానికి తెగ నచ్చేసింది. సొంత గొంతుతో పాడగలగడం ఆయనకి ఇంకో ప్లస్.

1949: కమెడియన్ హీరో అయిన ఏడాది

ఆ తర్వాతి ఏడాది డిసెంబర్‌లో వచ్చింది ‘గుణసుందరి కథ’. వాహినీ వారి సినిమా. దర్శకత్వం కె.వి. రెడ్డి, మాటలు పాటలు పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లే. ఎనిమిదేళ్ళ తర్వాత ‘మాయాబజార్’కి పనిచేసిన ముగ్గురూ ఇక్కడ ఉన్నారన్నమాట. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నీడ ఉన్న కథ. రాజుకి ముగ్గురు కూతుళ్ళు. చిన్నమ్మాయి గుణసుందరి నిజం మాట్లాడి తండ్రి కోపానికి గురవుతుంది. కోపంతో ఆయన ఆమెని ఒక అవిటివాడికి కట్టబెడతాడు. ఆ అవిటివాడు దైవాధీనం, అంటే మన శివరావు. హీరోయిన్ శ్రీరంజని. కథానాయకుడు ఒక కమెడియన్! ఈ రోజుల్లో కమెడియన్ హీరోగా చేస్తే ప్రత్యేకంగా చెప్పుకుంటాం. 1949లోనే ఆ పని జరిగిపోయింది.

ఇందులో తెనాలి లింకు ఇంకోటి ఉంది. రాజుగా వేసిన గోవిందరాజుల సుబ్బారావు గారు తెనాలిలో వైద్యం చేసిన డాక్టరు. ‘మాలపిల్ల’లో, ‘పల్నాటి యుద్ధం’లో, తర్వాత ‘కన్యాశుల్కం’ లుబ్ధావధాన్లుగా మెప్పించింది ఆయనే.

సినిమా ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చూసేటప్పుడు ఒక పని చేయండి. శివరావు ఉన్న సీన్లలో ఒక పది నిమిషాలు సౌండ్ మ్యూట్ చేయండి. ఆయన నడక చూడండి, చేయి ఎక్కడ పెడుతున్నారో చూడండి. మాట మొదలవకముందే ముఖం సగం పని పూర్తిచేసేస్తుంది. పక్కవాళ్ళు డైలాగ్ చెబుతుంటే ఈయన కళ్ళు ఖాళీగా ఉండవు. శాపం వల్ల ఎలుగుబంటి రూపంలోకి వెళ్ళే భాగం సరేసరి. ఇవి ఏ రంగస్థల ప్రసంగం నుంచో వచ్చినవి అనిపించవు. మూకీ తెరని ఏళ్ళ తరబడి పక్కనుంచి చూసినవాడి ఒంట్లోకి దిగిపోయినవి.

ఇవాళ చూస్తే కొన్ని ఇబ్బందిపెడతాయి కూడా. అవిటితనం మీద వేసిన జోకులు ఇప్పుడు నవ్వు తెప్పించవు. అది ఒప్పుకుందాం. కానీ ఆ వేషం లోపల ఉన్న నటుడు మాత్రం పాతబడలేదు.

సినిమా పెద్ద హిట్. తమిళంలో జెమినీ గణేశన్, సావిత్రిలతో మళ్ళీ తీశారు. శివరావుకి ఒక బ్యూక్ కారు వచ్చింది. ఆ కారు మద్రాసు రోడ్ల మీద కనపడితే జనం చుట్టూ మూగేవాళ్ళని పాత సినిమావాళ్ళు కథలుకథలుగా చెప్పుకునేవాళ్ళు.

అదే ఏడాది, ప్రపంచానికి అవతలి వైపు

ఇప్పుడు కాసేపు అమెరికా వెళ్దాం. ఎందుకంటే అదే 1949లో అక్కడ ఇంకో కమెడియన్ జీవితం మలుపు తిరిగింది.

బస్టర్ కీటన్ 1895లో పుట్టాడు. అమ్మానాన్నలతో పసితనం నుంచే స్టేజీ మీద పడుతూ లేస్తూ పెరిగాడు. తెర మీద నవ్వడు. ఎంత ప్రమాదం వచ్చినా అదే రాయిలాంటి ముఖం. ‘ది జనరల్’ (1926) కోసం నిజం రైలింజన్‌ని నిజం వంతెన మీద నుంచి నదిలో పడేశాడు. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)లో ఒక ఇంటి ముందు గోడ మొత్తం ఆయన మీద కూలుతుంది. కిటికీ ఉన్నచోట సరిగ్గా ఆయన నిలబడి ఉంటాడు. గ్రాఫిక్స్ లేవు. ఒక అడుగు అటూ ఇటూ అయితే మనిషి లేడు. జాకీ చాన్ స్టంట్లు చూసి పెరిగినవాళ్ళు ఒకసారి కీటన్‌ని చూడండి, ఆ స్టంట్ల తాతయ్య ఎవరో తెలుస్తుంది.

1928లో పెద్ద కంపెనీ ఎంజీఎంతో కాంట్రాక్టు కుదిరింది. అప్పటిదాకా తన సినిమా తను తీసుకున్నవాడు కాస్తా ఉద్యోగి అయ్యాడు. సరిగ్గా అప్పుడే టాకీలు వచ్చాయి. కుటుంబం చెదిరింది, తాగుడు పెరిగింది, 1933లో ఉద్యోగం పోయింది. తర్వాత అదే కంపెనీలో వేరేవాళ్ళ సినిమాలకి జోకులు రాసిచ్చే పనికి కుదిరాడు.

1949 సెప్టెంబర్‌లో ‘లైఫ్’ పత్రికలో జేమ్స్ ఏజీ అనే రచయిత మూకీ కమెడియన్ల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. చాప్లిన్ పక్కన కీటన్ పేరు పెట్టాడు. జనం ‘అరె, ఈయన ఉన్నాడు కదా’ అనుకున్నారు. ఆ తర్వాత కీటన్ ఒకప్పటి బంగళాలో ఉంటున్న నటుడు జేమ్స్ మేసన్‌కి ఆ ఇంట్లో పాత రీళ్ళ డబ్బాలు దొరికాయి. రేమండ్ రోహావర్ అనే థియేటర్ మనిషి పూనుకుని, పాడైపోతున్న ఆ ఫిల్మ్‌ని కొత్త ఫిల్మ్ మీదికి ఎక్కించి మళ్ళీ ఆడించాడు. 1960లో కీటన్‌కి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 1965లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్లో హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 1966 ఫిబ్రవరి 1న, 70 ఏళ్ళ వయసులో, తనని ప్రపంచం మర్చిపోలేదని తెలుసుకుని వెళ్ళిపోయాడు.

తెనాలి, 1966

మన శివరావు కథ తిరగబడిన క్రమంలో నడిచింది.

‘గుణసుందరి కథ’ తర్వాత ఆయన సొంతంగా సినిమా తీశారు. 1950లో వచ్చిన ‘పరమానందయ్య శిష్యుల కథ’కి ఆయనే దర్శకుడు. తర్వాత పెద్ద కమెడియన్ అయిన గిరిజ గారికి అదే మొదటి సినిమా. అంటే కొత్తవాళ్ళకి దారి చూపించినవాడు కూడా. కానీ ఆ తర్వాతి ఏళ్ళు ఆయనకి కలిసిరాలేదు. ‘గుణసుందరి కథ’లోనే అల్లుళ్ళలో ఒకరిగా వేసిన రేలంగి కొన్నాళ్ళకే తెలుగు హాస్యానికి మకుటంలేని మహారాజు అయ్యారు. శివరావుకి వేషాలు తగ్గాయి, డబ్బు తగ్గింది. మళ్ళీ నాటకాలు వేస్తూ ఊళ్ళు తిరిగారు.

1966లో నాటకం కోసం తెనాలి వచ్చారు. అక్కడే కన్నుమూశారు. వయసు 53. కీటన్ పోయి మూడు నెలలు కూడా కాలేదు.

ఆ తర్వాత జరిగిందని చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆయన శవాన్ని మద్రాసు తీసుకెళ్ళింది కూడా ఆ బ్యూక్ కారులోనేనట. దారిలో బండి మొరాయించిందట. తాళ్ళు కట్టి లాక్కెళ్ళారట. ఒకప్పుడు జనం ముట్టుకుని మురిసిపోయిన కారు అది. ఈ కథలో ఎంత నిజం, ఎంత తర్వాత చేరిన మసాలా అన్నది పక్కన పెడితే, సినిమావాళ్ళు దాన్ని ఇన్నేళ్ళు చెప్పుకుంటూ వచ్చారంటేనే అందులో వాళ్ళ భయం ఏదో ఉందనిపిస్తుంది.

ఇంకో విచిత్రం. శివరావు తీసిన ‘పరమానందయ్య శిష్యుల కథ’ని మళ్ళీ సినిమాగా తీశారు. ఈసారి ఎన్టీఆర్ హీరో. దర్శకుడు శివరావుకి మొదటి వేషం ఇచ్చిన సి. పుల్లయ్యే. అది వచ్చిన ఏడాది కూడా 1966. మన ఇళ్ళలో ‘పరమానందయ్య శిష్యులు’ అనగానే ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ రెండో సినిమానే.

తేడా ఎక్కడ?

ఇద్దరూ మూకీల్లోంచి వచ్చినవాళ్ళే. ఇద్దరూ శిఖరం ఎక్కి పడ్డవాళ్ళే. ఇద్దరూ ఒకే ఏడాది పోయారు. మరి ఒకరిని ఫిల్మ్ స్కూళ్ళలో పాఠంగా చెబుతున్నారు, ఇంకొకరి పేరు సొంత రాష్ట్రంలో కుర్రాళ్ళకి తెలియదు. టాలెంట్‌లో తేడా అని ఒక్కమాటలో తేల్చేయొచ్చు. కీటన్ స్థాయి వేరే అన్నది నిజమే. కానీ అదొక్కటే అయితే, 1933లో కీటన్‌ని ఎందుకు మర్చిపోయారు? టాలెంట్ అప్పుడూ ఉంది కదా.

నాకర్థమైనంతవరకు తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, రీళ్ళు దొరికాయి. రెండు, వాటిని వెతికి, కాపీ చేసి, ‘చూడండి’ అని నలుగురికీ చూపించినవాళ్ళు దొరికారు.

శివరావు మొదటి కళకి అసలు రీలే లేదు. తెర పక్కన నిలబడి ఆయన చెప్పిన మాటలు ఆ రాత్రి గాలిలోనే కలిసిపోయాయి. రికార్డింగ్ లేదు, స్క్రిప్టు లేదు. ఆయన వ్యాఖ్యానించిన ఆ మూకీల పరిస్థితీ అంతంతమాత్రమే. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే మిగిలినవి పదుల్లోనే, వాటిలోనూ చాలావరకు ముక్కలే. తెలుగువాళ్ళ తొలి మూకీ, రఘుపతి వెంకయ్య గారూ, ఆయన కొడుకు ప్రకాష్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) ఇప్పుడు చూద్దామన్నా లేదు.

అమెరికా కూడా పెద్ద గొప్పగా ఏం దాచుకోలేదు. అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తీస్తే, సుమారు 11 వేల పెద్ద మూకీల్లో మొదట విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమే. అప్పటి నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకునేది. దాచినా కుళ్ళిపోయేది. అందులో ఉన్న వెండి కోసం కరిగించి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. టాకీలొచ్చాక మూకీ రీలు అంటే పాత ఫోన్ చార్జర్ లాంటిది. ఇంట్లో చోటు దండగ.

మన దేశంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణెలో మొదలైంది 1964లో. పి.కె. నాయర్ అనే ఒక్క మనిషి ఊరూరా తిరిగి డబ్బాలు పోగుచేశారు కాబట్టి ఫాల్కే సినిమాల ముక్కలైనా మనకి దక్కాయి. బ్యాకప్ ఎవడో ఒకడు తీసుకుంటాడులే అని అందరూ అనుకున్న చోట ఏమవుతుందో సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి తెలుసు. ఎవడూ తీసుకోడు.

తాతయ్య చెవులు

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? మా తాతయ్య వల్ల.

రేపల్లెలో ఉంటారు. ఎనభై దాటాయి. వినికిడి బాగా తగ్గిపోయింది. మిషన్ పెట్టుకుంటే ఫ్యాన్ చప్పుడే ఎక్కువ వినపడుతోందని తీసి పక్కన పడేస్తారు. టీవీలో కామెడీ సీన్లు వస్తుంటే మేమంతా నవ్వుతాం. ఆయన మా ముఖాలు చూస్తారు. ఒకసారి ‘ఏమన్నాడ్రా?’ అని అడిగారు. చెప్పాను. గట్టిగా, రెండుసార్లు. పంచ్ డైలాగ్‌ని అరిచి చెబితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ‘సర్లే’ అన్నారు. అప్పట్నుంచి అడగడం మానేశారు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఫోన్లో కీటన్ పెట్టి ఇచ్చాను. ఆ ఇల్లు మీద పడే సీన్. ఆయన ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసి, భుజాలు కదిలేలా నవ్వారు. ‘మళ్ళీ పెట్టు’ అన్నారు. తర్వాత ‘గుణసుందరి కథ’ పెట్టాను. ఆ ముఖం చూడగానే, ‘ఒరే, కస్తూరి శివరావు కదూ!’ అన్నారు. పేరు ఆయనే చెప్పారు, నేను చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజం మీద కూర్చుని చూశారట. ఆ ఎలుగుబంటికి భయపడి ఏడిస్తే మధ్యలోనే బయటికి తీసుకొచ్చేశారట. మిగతా సగం ఇప్పుడు చూశారు, మాట వినపడకుండానే.

ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. మాట మీద నడిచే నవ్వుకి భాష తెలియాలి, చెవి వినపడాలి, ఆ ఏడాది ట్రెండ్ తెలియాలి. ఒంటితో పుట్టించే నవ్వుకి ఇవేవీ అక్కర్లేదు. తొంభై ఏళ్ళు దాటినా, సముద్రం దాటినా అది పనిచేస్తుంది.

మన తెలుగువాడు సింగీతం శ్రీనివాసరావు గారికి ఇది బాగా తెలుసు. టాకీలొచ్చి 55 ఏళ్ళు గడిచాక, 1987లో కమల్‌హాసన్‌తో ఒక్క డైలాగ్ కూడా లేని ‘పుష్పక విమానం’ తీశారు. ఉద్యోగం లేని కుర్రాడు, ఐదు నక్షత్రాల హోటల్, మంచుతో చేసిన కత్తి. డబ్బింగ్ అవసరమే లేకుండా దేశమంతా ఆడింది. జాతీయ అవార్డు కూడా వచ్చింది. మూకీ హాస్యం చచ్చిపోలేదు, మనం దాన్ని అడగడం మానేశాం అంతే.

మనం చేయగలిగింది

శివరావుకి విగ్రహం పెట్టమని నేను అడగను. దానికంటే తేలికైన పనులున్నాయి. ‘గుణసుందరి కథ’ చూడండి. మొత్తం ఓపిక లేకపోతే దైవాధీనం వచ్చే సీన్లే చూడండి. నచ్చిన ముక్కని కట్ చేసి, పేరు రాసి షేర్ చేయండి. పేరు రాయడం మర్చిపోవద్దు. పేరు లేని క్లిప్ మీమ్ అవుతుంది గానీ జ్ఞాపకం అవ్వదు.

ఇంకోటి. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో టూరింగ్ టాకీస్ రోజులు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. నేల టికెట్టు కొన్నవాళ్ళు, రీలు మోసినవాళ్ళు, నాటకాలకి తెర లాగినవాళ్ళు ఉన్నారు. మన జేబులో ఉన్న ఫోన్‌కి రికార్డ్ బటన్ ఉంది. శివరావు తెర పక్కన నిలబడి మాట్లాడిన రోజుల్లో ఎవరి దగ్గరా అది లేదు.

మా తాతయ్యవి ఇప్పటికి నలభై నిమిషాలు రికార్డ్ చేశాను. ప్రశ్నలు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపిస్తే, ఆయన చదువుకుని జవాబు చెబుతారు. వచ్చేసారి అడగాల్సినవి రాసుకుంటున్నాను. మొదటి ప్రశ్న: ‘ఆ రోజు హాల్లో జనం ఎక్కడెక్కడ నవ్వారు?’